ఆపొద్దన్న మాట

కైసా మా ఇంటికి వచ్చిన పదో రోజున హలీమాను కుక్క కరిచింది.

అది ఎనభై మూడు వేసవి. మాచర్లలో గురజాల రోడ్డు పక్కన మా చర్చి. దాని వెనక పాస్టరుకిచ్చే మూడు గదుల నాపరాళ్ల ఇల్లు. ఆ పాస్టరు మా నాన్న జక్కరయ్య. మా పెరటి గోడకు అవతల లారీ మెకానిక్కు ఖలందర్ ఇల్లు. హలీమా అతని ఒక్కగానొక్క కూతురు, ఏడేళ్ల పిల్ల. గోడ దూకి వచ్చి మా అమ్మ చేత అన్నం పెట్టించుకుని తినిపోయేంత చనువు.

కైసాది ఫిన్లాండ్. ఇరవై ఒక్క ఏళ్లు. ఆరు నెలల పాటు మా చర్చి పిల్లలకు పాటలూ కథలూ నేర్పమని వాళ్ల మిషన్ పంపింది. మార్చి నెలాఖరున మాచర్ల బస్టాండులో దిగేసరికి ఆమె ముఖం ఎర్రగా కమిలిపోయి ఉంది. మొదటి వారమంతా విరేచనాలు. రెండో వారానికి ఒళ్లంతా చెమటకాయలు. పొద్దున్నే చెంబు పట్టుకుని పెరట్లోకి పోవాలంటే ఏడుపు. "దేవుడు ఎక్కడికి పంపితే అక్కడికి వెళ్తానన్నాను. ఇంత ఎండ ఉంటుందని ఆయన చెప్పలేదు" అని ఒకరోజు నాతో అంది. నవ్వుతూనే అంది గానీ కళ్లలో నీళ్లున్నాయి.

ఆమెకు తెలుగు రాదు. మా చర్చిలో ఇంగ్లీషు మాట్లాడగలిగింది నేనొక్కదాన్నే. నా పేరు సలోమి. గుంటూరు హాస్టల్లో ఉండి టీచర్ ట్రైనింగు పూర్తి చేసి, ఉద్యోగం కోసం ఎదురుచూస్తూ ఇంట్లో ఉన్నాను. ఇంగ్లీషు ఆమెకూ నేర్చుకున్న భాషే, నాకూ నేర్చుకున్న భాషే. చిన్న చిన్న మాటలతో ఇద్దరం సర్దుకునేవాళ్లం.

మా వీధి జనం నోళ్లలో కైసా కాశమ్మ అయింది. ఆ పేరు పెట్టింది హలీమానే. మధ్యాహ్నం వేళ వచ్చి కైసా పక్కన చాప మీద కూర్చుని, ఆమె ముఖం మీది గోధుమరంగు చుక్కల్ని వేలితో లెక్కపెట్టేది. ముప్పై దాటాక లెక్క తప్పేది, మళ్లీ మొదలుపెట్టేది. కైసాకు బల్లి, చీపురు, చింతకాయ అనే మాటలు నేర్పింది. మిషన్ వాళ్లు నేర్పిన దానికంటే అదే ఎక్కువ.

కుక్క కరిచింది కుడి ముంజేతి మీద. మిరపకాయల గోడౌన్ దగ్గర తిరిగే కుక్క. అదే రోజు దాన్ని జనం కొట్టి చంపేశారు. పిచ్చిదో కాదో ఎవరికీ తెలియదు. ఖలందర్ మర్నాడే కూతుర్ని సైకిల్ మీద సర్కారు దవాఖానాకు తీసుకుపోయాడు. అప్పట్లో కుక్క కరిస్తే బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు, రోజుకొకటి. రెండోనాటికే పిల్ల పొట్ట గట్టిపడి ఉబ్బింది. మూడోనాడు దవాఖానా గేటు కనబడగానే సైకిల్ మీంచి దూకి పరుగెత్తింది. అరుపులు మా ఇంట్లోకి వినబడేవి, వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ. ఐదో సూది వేయించాక ఖలందర్‌కి సాగర్ దగ్గర లారీ ఇంజను పని తగిలి వెళ్లిపోయాడు. పది రోజుల పని. మిగతా సూదులు వేయించమని భార్య జాహెదాకు చెప్పి వెళ్లాడు.

ఆరో సూది రోజున జాహెదా పిల్లను చంకనేసుకుని సగం దూరం పోయి వెనక్కి వచ్చేసింది. మర్నాడు ఆదివారం. దవాఖానాకు పోవాల్సిన వేళకి ఆమె మా చర్చికి వచ్చింది.

---

మా చర్చికి అంతకు ముందు పాతికమంది వస్తే గొప్ప. మా నాన్న ఇరవై ఏళ్లు సైకిల్ తొక్కి, పల్లె పల్లె తిరిగి కూడగట్టిన పాతికమంది వాళ్లు. కైసా వచ్చాక తెల్లదొరసానిని చూడటానికి వీధి వీధంతా వచ్చేది. ఆ ఆదివారం అరవై మంది దాటారు. లోపల పట్టక చర్చి ముందు తాటాకు పందిరి కింద కూర్చోబెట్టాం. నాన్న ఉతికిన తెల్ల లాల్చీ వేసుకుని, ఎన్నడూ లేని హుషారుతో ఉన్నాడు. నేనూ అలాగే ఉన్నాను. అది ఒప్పుకోవాలి. ఇరవై రెండేళ్ల వరకు నా మాట ఆగి విన్నవాళ్లు ఎవరూ లేరు. కైసా పక్కన నిలబడి ఆమె మాటల్ని తెలుగులో చెబుతుంటే అరవై మంది నా నోటి వంక చూసేవాళ్లు. ఆమె ఒకటి అంటే నేను మూడు కలిపేదాన్ని. వినేవాళ్ల కళ్లు తడిసేవి.

ఆరాధన అయ్యాక జాహెదా హలీమాను ముందుకు తీసుకొచ్చింది. "పిల్లకి కుక్క కరిసింది. కాశమ్మను ఓసారి దువా చెయ్యమను సలోమీ" అంది.

కైసా నేల మీద మోకాళ్లూని పిల్ల ముంజేయి పట్టుకుంది. కట్టు విప్పి చూసింది. తర్వాత తలెత్తి నాతో అంది: "సూదులు మధ్యలో ఆపకూడదని ఈమెకు చెప్పు. అన్నీ వేయించాల్సిందే. నేను ప్రార్థన కూడా చేస్తాను."

బయల్దేరే ముందు వాళ్ల దేశంలో డాక్టరు కుక్కల సంగతి చెప్పి పంపాడట. ఆమెకు తెలుసు.

నేను నోరు తెరవబోతుంటే వెనక నుంచి నాన్న అన్నాడు, "ఏందమ్మా అంటంది దొరసాని? ప్రభువు ముట్టాడని చెప్పు. గట్టిగా చెప్పు, వెనకోళ్లకి వినబడాల."

పందిరి నిశ్శబ్దంగా ఉంది. సూదుల మాట ఎత్తితే ఆ నిశ్శబ్దం పాడవుతుందనిపించింది. దవాఖానాకు పోవాల్సిందే అయితే ఇక్కడికి రావడమెందుకని ఎవరైనా అనుకుంటారనిపించింది. సూదుల సంగతి జాహెదాతో తర్వాత విడిగా చెబుదాంలే అనుకున్నాను. ఇవన్నీ ఒక్క ఊపిరిలో అనుకున్నాను.

"భయపడొద్దు అంటోంది అమ్మ. ప్రభువు ఈ బిడ్డను ముట్టాడు అంటోంది. ఈ బిడ్డ ఇక ఏడవక్కర్లేదు."

హలీమా నా వంక చూసింది. "అంటే రేపు సూది లేదా?" అని అడిగింది.

పందిరి కింద అందరూ నవ్వారు. జాహెదా కూడా వారం రోజుల తర్వాత మొదటిసారి నవ్వింది. కైసాకు అర్థం కాకపోయినా వాళ్ల నవ్వు చూసి తానూ నవ్వింది. నేను హలీమా తల నిమిరాను. అదే నా జవాబు. ఆ తర్వాత కైసా కళ్లు మూసుకుని తన భాషలో ప్రార్థన చేసింది. దాన్ని తర్జుమా చేసే పని నాకు లేదు.

---

మర్నాడు పొద్దున్నే అక్కడి చర్చి పిల్లలకు పాటలు నేర్పడానికి నేనూ కైసా ఎర్రబస్సులో రెంటచింతల వెళ్లాం. అక్కడి నుంచి దాచేపల్లి, తర్వాత మాచవరం. ప్రతి ఊళ్లో రెండు మూడు రోజులు. వడగాలికి బస్సు కిటికీ చువ్వలు ముట్టుకుంటే చెయ్యి కాలేది. కైసా తడిగుడ్డ నెత్తిన వేసుకుని కళ్లు మూసుకుని కూర్చునేది. అలా కూర్చునే, మాచవరం నుంచి తిరిగొచ్చేటప్పుడు అడిగింది.

"హలీమా సూదులు అయిపోయాయా?"

నేను మనసులో రోజులు లెక్కగట్టాను. వేయించి ఉంటే ఆ రోజుతో అయిపోయి ఉండాలి.

"అయిపోయాయి" అన్నాను.

ఇల్లు చేరాక చెప్పాలనే అనుకున్నాను. నిజంగానే ఆ సాయంత్రం గోడ అవతలికి వెళ్లాను. జాహెదా రోట్లో పచ్చడి నూరుతోంది. నన్ను చూడగానే హలీమా ధాన్యం గాదె వెనక్కి పోయి దాక్కుంది. "దవాఖానాకి తీస్కపోవటానికి వచ్చావనుకుంటంది. రావే, ఏం లేదు" అని జాహెదా పిలిచింది. పిల్ల రాలేదు. జాహెదా లేచి వెళ్లి చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి, ముంజేయి నాకు చూపించింది. గాయం మానిపోయి ఉంది. లేత చర్మం గులాబీ రంగులో మెరుస్తోంది.

"చూడు, ఎంత సుబ్బరంగా మానిందో. మా అత్త దర్గాకి పోదామంది. నేనే కాశమ్మ దగ్గరికి తెచ్చా."

"వదినా, ఇంకా తొమ్మిది సూదులున్నాయి గదా" అనాలి నేను. ఇన్నాళ్ల ఎడం వచ్చాక మళ్లీ మొదటి నుంచి వేస్తారేమో, డాక్టరు తిడతాడేమో, ఎందుకు ముందే చెప్పలేదని జాహెదా అడుగుతుందేమో. పచ్చడి ఎంత నూరావు, ఇంత కారమా అని ఏదో మాట్లాడి వచ్చేశాను.

ఖలందర్ ఊరి నుంచి వచ్చి సూదులు అయినయ్యా అని అడిగితే జాహెదా అయినయ్ అందట. మానిన గాయం చూసి అతనూ ఊరుకున్నాడు. అలా ఒకే గోడకు రెండు వైపులా ఇద్దరం ఒకే అబద్ధం ఆడాం, ఒకరికి తెలియకుండా ఒకరం.

---

మే నెలాఖరులో ఒక ఉదయం హలీమా నాయనమ్మ హజ్రా బీ గోడ మీంచి మా అమ్మను పిలిచింది. "దీనమ్మా, పిల్లకి రాత్రి నుంచి ఒళ్లు కాలిపోతంది. మజ్జిగ పోస్తే మింగటంలా. కాశమ్మ కాడ జరం బిళ్లలున్నాయా?"

కైసా బిళ్లలు తీసుకుని నాతో వచ్చింది. హలీమా నులక మంచం మీద కూర్చుని ఉంది. పడుకోవడం లేదు. కుడి ముంజేతిని గోళ్లతో గీరుకుంటోంది. మానిన చోట ఎర్రటి చారలు పడ్డాయి. కైసాను చూసి "కాశమ్మా" అంది గానీ గొంతు మారిపోయి ఉంది.

ఇల్లు ఉక్కగా ఉందని జాహెదా టేబుల్ ఫ్యాను వేసింది. గాలి తగలగానే పిల్ల మెడ నరాలు బిగుసుకుపోయి గొంతు పట్టేసింది. రెండు చేతులతో మంచం పట్టెను పట్టుకుని ఊపిరి అందనట్టు ఎగబీల్చింది. జాహెదా భయపడి ఫ్యాను ఆపింది. కాసేపటికి పిల్ల తేరుకుంది. మళ్లీ మామూలుగా కళ్లు తిప్పి చూసింది.

కైసా చేతిలో బిళ్లలు అలాగే ఉన్నాయి. నా వైపు తిరిగి చాలా మెల్లగా అడిగింది.

"సూదులు అన్నీ వేయించారు కదా?"

నేను జాహెదాను చూశాను. జాహెదాకు ఇంగ్లీషు రాదు. అయినా ఆమె తల దించుకుంది.

---

దవాఖానా డాక్టరు పిల్లను ఎక్కువసేపు చూడలేదు. గ్లాసుతో నీళ్లు తెప్పించి ముందు పెడితే, చూడగానే పిల్ల మెడ బిగుసుకుపోయింది. అంతే. ఆ తర్వాత చీటీ రాస్తూ అడిగాడు.

"ఎన్ని సూదులయ్యాయి?"

"పద్నాలుగూ అయినయ్ సార్" అన్నాడు ఖలందర్.

డాక్టరు రిజిస్టరు తెప్పించి వేలు పెట్టి చూశాడు. "ఐదే ఉన్నాయి. ఎవరాపమన్నారు?"

ఖలందర్ భార్య వైపు తిరిగాడు. నేను గోడకానుకుని నిలబడి ఉన్నాను. జాహెదా నా వైపు చూడలేదు.

"నేనే ఆపా. పిల్ల ఏడుస్తంటే సూళ్లేక" అంది.

గుంటూరు జ్వరాల ఆసుపత్రికి జీపులో తీసుకుపోయారు. ఎండ తగలకుండా, గాలి తగలకుండా జీపుకు చుట్టూ దుప్పట్లు కట్టారు. మూడో రోజు మధ్యాహ్నం అదే జీపు తిరిగొచ్చింది. ఆ మూడు రోజులూ ఎలా గడిచాయో నాకు ఎవరూ చెప్పలేదు. ఖలందర్ పెదవి మీద లోతుగా పళ్ల గాట్లున్నాయి. తనను తానే కొరుక్కున్నాడని తర్వాత తెలిసింది.

సాయంత్రం ఖననం. మగవాళ్లందరూ వెళ్లారు. మా నాన్న కూడా వీధి చివరి దాకా నడిచి ఆగిపోయాడు. మూడోనాటి ఫాతిహా కాగానే నూజెండ్ల నుంచి జాహెదా అన్న వచ్చాడు. ఖలందరే కబురు పెట్టి పిలిపించాడు. ఖలందర్ కేకలెయ్యలేదు, కొట్టలేదు. వాకిట్లో నిలబడి బావమరిదితో ఒక్కటే అన్నాడు. మా పెరట్లోకి వినబడింది.

"అడిగితే అయినయ్యంది. నా మొహం మీద చెప్పింది. ఇంక ఈమెతో నేను ఉండలేను. తీస్కపో."

జాహెదా ఒక ట్రంకు పెట్టెతో రిక్షా ఎక్కింది. హజ్రా బీ గుమ్మంలో కూలబడి ఏడుస్తూనే ఉంది గానీ కొడుకును ఆపలేదు.

---

ఆ మధ్యాహ్నం కైసా పెరట్లో తన బట్టలు ఉతుక్కుంటోంది. నేను వెళ్లి ఎదురుగా బండ మీద కూర్చున్నాను. సూదుల మాట నేను జాహెదాకు చెప్పలేదని చెప్పాను. బస్సులో అడిగినప్పుడు అబద్ధం చెప్పానని చెప్పాను.

ఆమె చేతులు నీళ్లలోనే ఉండిపోయాయి.

"ఆ రోజు నువ్వు ఏం చెప్పావు? నేనన్నది కాదు. నువ్వు చెప్పింది, ఒక్కొక్క మాట, నాకు ఇంగ్లీషులో చెప్పు."

చెప్పాను. భయపడొద్దు. ప్రభువు ముట్టాడు. ఈ బిడ్డ ఇక ఏడవక్కర్లేదు.

"అప్పుడు హలీమా ఏదో అడిగింది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఏమడిగింది?"

అది కూడా చెప్పాను.

కైసా లేచి, తడి చేతులతోనే గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది. రెండు రోజులు అమ్మ పళ్లెం గుమ్మం దగ్గర పెడితే కొంచెం తిని మళ్లీ గుమ్మం దగ్గరే పెట్టేది. మూడో రోజు బయటికి వచ్చి, "ఆ తండ్రికి చెప్పాలి. ఇద్దరం వెళ్దాం. నాకు భాష రాదు గనక నువ్వే చెప్పాలి" అంది.

నాన్నకు చెప్పకుండా వెళ్లడం నాకు చేతకాలేదు. చెప్పాను. ఆయన లేచి వీధి తలుపు దగ్గరికి వేశాడు. తర్వాత గొంతు తగ్గించి అన్నాడు.

"అయిపోయిందానికి ఎవరేం చేస్తారమ్మా. పిల్ల రాదు గదా. ఇప్పుడీ మాట బయటికొస్తే అరవై మందీ పోతారు. పాతికమంది కూడా పోతారు. సాయిబుల వీధిలో మనం తిరగలేం. ఇరవై ఏళ్లమ్మా, సలోమీ."

"ప్రభువు ముట్టాడని చెప్పమంది నువ్వే నాన్నా."

"సూదుల మాట చెప్పొద్దన్నానా నేను?"

అది నిజమే. ఆయన అనలేదు. ఆయనకు ఆ మాట తెలియదు కూడా. కానీ అలా అన్నాక ఆయన నా కళ్లలోకి చూడలేకపోయాడు, నేనూ చూడలేకపోయాను.

మా అమ్మ పొయ్యి దగ్గర నుంచి లేవకుండానే అంది. "మీ తగూ తర్వాత పెట్టుకోండి. ఆ జాహెదా చేసిందాంట్లో సగం మనది. అంతా నెత్తినేసుకుని పుట్టింట్లో కూర్చుంది. ముందు దాని సంగతి చూడండి."

---

ఖలందర్ షెడ్డు రోడ్డు మీదే ఉంది. మేం వెళ్లేసరికి లారీ కింద పడుకుని పని చేస్తున్నాడు. కాళ్లు మాత్రం బయటికి కనబడుతున్నాయి. "అన్నా" అని పిలిచాను. బయటికి రాలేదు. అలా కాళ్లకే చెప్పడం మొదలుపెట్టాను. సగంలో ఆ కాళ్లు కదలడం ఆగిపోయాయి. అతను బయటికి జరిగి లేచి కూర్చున్నాడు. నూనె చేతులు ఒళ్లో పెట్టుకుని మొత్తం విన్నాడు.

కైసా ఒక మాట చెప్పమంది. చెప్పాను. "ఆ మాట నేనే తెలుగులో నేర్చుకుని చెప్పాల్సింది. నేర్చుకోకుండా నీ బిడ్డ మీద చెయ్యి పెట్టాను అంటోంది అన్నా."

ఈసారి ఒక్క మాట కూడా కలపలేదు.

"సూదులు ఆపొద్దని ఈమె ఎప్పుడు చెప్పింది? దువాకి ముందా, తర్వాతా?" అని అడిగాడు ఖలందర్.

"ముందు."

"అప్పుడు మా జాహెదా ఎంత దూరంలో ఉంది?"

"నా పక్కనే ఉందన్నా."

అతను గుడ్డ తీసుకుని వేళ్లు ఒక్కొక్కటే తుడుచుకున్నాడు. పక్కనే పానా ఉంది. నా మీదికి విసిరేసినా బాగుండుననిపించింది.

"ఈడ నాకొక్కడికి చెబితే ఏంది లాభం? ఊరంతా నా పెళ్లాం పిల్లని చంపుకుందంటన్నారు. నేనే అన్నా మొదట. నువ్వు ఆరోజు ఎంతమంది ముందు చెప్పావు?"

"అరవై మంది."

"అరవై మంది ముందే చెప్పు. ఆదివారం నేనొస్తా. ఇన్నాక నూజెండ్ల పోతా."

---

శనివారం సాయంత్రం మొదటి వాన పడింది. ఆదివారం పొద్దున పందిరి తాటాకుల్లోంచి ఇంకా చుక్కలు రాలుతుంటే అందరినీ చర్చి లోపలే సర్ది కూర్చోబెట్టారు. నన్ను చర్చికి రావద్దన్నాడు నాన్న. "నా తల తీసేసినట్టే" అన్నాడు. అయినా వెళ్లాను. అమ్మ నా ముందు నడిచింది.

పాటలయ్యాయి. నాన్న వాక్యం చదవడానికి బైబిలు తెరిచాడు. అప్పుడు కైసా లేచి నిలబడింది. నేను లేచాను. నాన్న ఇద్దరి వంకా చూసి, "కూర్చోమ్మా" అన్నాడు, ఎవర్ని అన్నాడో తెలియకుండా. మేం కూర్చోలేదు. ఖలందర్ ద్వారం బయట చెప్పులు విడిచి, లోపలికి రాకుండా నిలబడి ఉన్నాడు.

కైసా చిన్న చిన్న వాక్యాలు చెప్పింది. నేను ఆమె చెప్పినంతే చెప్పాను.

"ఏప్రిల్‌లో బయటి పందిరి కింద హలీమా కోసం ప్రార్థన చేశాను అంటోంది. ప్రార్థనకు ముందు ఒక మాట చెప్పాను అంటోంది. సూదులు ఆపొద్దు, అన్నీ వేయించమని తల్లికి చెప్పమన్నాను అంటోంది."

అక్కడ కైసా ఆగింది. తర్వాతి వాక్యం ఆమెది కాదు.

"ఆ మాట నేను చెప్పలేదు. ఆపొద్దని ఆమె అంటే, ఇక ఏడవక్కర్లేదని నేను చెప్పాను. జాహెదా నా మాట నమ్మింది. తర్వాత కూడా నాకు వీలు చిక్కింది, అప్పుడూ చెప్పలేదు."

ముందు వరసలో ఒక ముసలామె పక్కనున్నామెను "ఏందంటా?" అని అడిగితే ఆమె చెవిలో చెప్పింది. నాన్న బైబిలు మూశాడు. "పాటెత్తుకోండి" అన్నాడు. ఎవరూ ఎత్తుకోలేదు. ఆయన మెల్లగా వేదిక మీద నుంచి దిగి, మొదటి బెంచీ మీద అందరికీ వీపు చూపిస్తూ కూర్చున్నాడు.

ద్వారం వైపు చూస్తే ఖలందర్ లేడు.

---

ఆ తర్వాత మా ఇంట్లో ఏదీ మునుపటిలా లేదు. నెల తిరిగేసరికి చర్చికి పదిహేను మంది మిగిలారు. పెద్దలు కూర్చుని నాన్నను నకరికల్లు వైపు ఒక చిన్న ఊరికి మార్చారు. ఆయన బతికినంత కాలం నాతో అవసరమైనవన్నీ మాట్లాడాడు. అన్నం తిన్నావా అన్నాడు, నా పెళ్లికి ప్రార్థన చేశాడు. ఆ వేసవి మాట మాత్రం ఎత్తలేదు. కైసాను ఆగస్టులోనే వెనక్కి పిలిపించారు. వెళ్లే ముందు రోజు కూడా మధ్యాహ్నం పూట చాప మీద కూర్చుని, నా చేత తెలుగు అక్షరాలు దిద్దించుకుంది. ఇంక ఎందుకని నేను అడగలేదు. తర్జుమా చెయ్యమని తర్వాత నన్ను చాలామంది అడిగారు. నేను మళ్లీ ఎవరి పక్కనా నిలబడలేదు.

ఖలందర్ మాట ప్రకారం ఆ ఆదివారమే నూజెండ్ల బస్సెక్కాడు. వెంటనే తీసుకురాలేకపోయాడు. జాహెదానే రానందని విన్నాం. మూడుసార్లు తిరిగాక, జూలైలో వచ్చింది. మేం సామాన్లు కట్టుకుంటున్న రోజుల్లో ఒక పొద్దున మా గేటు దగ్గరికి వచ్చి నిలబడింది. సగానికి సగం చిక్కిపోయి ఉంది. లోపలికి రమ్మన్నాను. రాలేదు.

"చర్చిలో అందరి ముందర చెప్పావంట. మా ఆయన చెప్పాడు" అంది.

తల ఊపాను.

"నీ మీద కోపం ఉందని చెప్పటానికి రాలేదు. ఉంది. అదెట్టాగూ ఉండిద్ది." గేటు చువ్వ పట్టుకుంది. "సలోమీ, ఆరోజు నువ్వా మాట చెప్పుంటే నేను వేయించేదాన్నేమో. లేకపోతే రెండు వేయించి, అది ఏడుస్తంటే సూళ్లేక మళ్లీ ఆపేదాన్నేమో. రాత్రింబగళ్లు అదే ఆలోచిస్తన్నా. నేను ఎట్టాంటి తల్లినో నాకు తెలవకుండా చేశావు నువ్వు."

ఆమె జవాబు కోసం ఆగలేదు. కొంగు భుజం చుట్టూ కప్పుకుని, గోడ పక్కనుంచి తన ఇంటి వైపు నడిచింది. ఆమె తలుపు తీసిన చప్పుడు, మళ్లీ వేసిన చప్పుడు వినబడ్డాయి.